చవగ్గా వచ్చే అరెకరం వెనక కథ

ఈ టపా కొంచెం పెద్దదే. "ఊరవతల కాస్త పొలం, అందులో చిన్న ఇల్లు" అనుకుంటూ మీరు కూడా శనివారాలు కారేసుకుని తిరుగుతున్న బాపతైతే, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిరగనివాళ్ళు కూడా చదవచ్చు. ఇవాళ కాకపోతే ఇంకో ఐదేళ్ళకైనా మీరూ తిరుగుతారు. మన ఐటీ జాతి లక్షణం అది :-)

మా నాన్న ఈ మధ్యే రిటైరయ్యారు. ఉద్యోగం చేసిన ముప్ఫై రెండేళ్ళలో తొమ్మిది అద్దె ఇళ్ళు మారాం. ఆయన కోరిక పెద్దదేం కాదు. ఒక అరెకరం, రెండు గదుల ఇల్లు, ఒక బోరు, నాలుగు మామిడి చెట్లు, ఒక గేదె. గేదె దగ్గర అమ్మ వీటో చేసింది. మిగతావి వెతికే పని నా నెత్తిన పడింది.

నా జీతంతో సిటీ చుట్టుపక్కల అరెకరం అంటే మాటలు కాదని మీకు తెలుసు. నాలుగు నెలలు తిరిగాక, విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటి లోపలికి వెళ్తే ఒకటి దొరికింది. 20 గుంటలు. పాత రేకుల ఇల్లు, నీళ్ళున్న బోరు, గట్టు మీద వేప చెట్లు. చుట్టుపక్కల ఎకరం 70 లక్షలు చెబుతున్నారు, అంటే అరెకరానికి 35 లక్షలు. ఇక్కడ మాత్రం 11 లక్షలకి ఇస్తామన్నారు.

"ఇంత తక్కువెందుకు?" అని మధ్యవర్తిని అడిగా.

"అర్జెంటు సార్, ఓనరు బిడ్డ పెళ్ళి" అన్నాడు.

అదేంటో గానీ, స్థలం అమ్మే ప్రతివాడికీ పెళ్ళికెదిగిన కూతురొకతి ఉంటుంది. కాగితాలు చూపించమంటే ఒక నోటరీ అగ్రిమెంటు, దాంతో పాటు అక్షరాలు సగం చెరిగిపోయిన పాత పట్టా జిరాక్సు ఇచ్చాడు. "రిజిస్ట్రేషన్ కాదు సార్, అగ్రిమెంటు మీదనే. అందరూ అట్లనే కొంటున్నరు, ఏం కాదు."

అదే నేల, అవే నీళ్ళు. గట్టు ఇవతల 35, అవతల 11. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికి జవాబు వెతకడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేను చరిత్రకారుణ్ణేం కాదు, బీటెక్ చేసి కోడు రాసుకునేవాణ్ణి. కానీ ప్రొడక్షన్‌లో బగ్ వస్తే లాగులు వెనక్కి చదువుకుంటూ పోవడం మనకి అలవాటే కదా. ఇక్కడా అదే పని చేశా.

1364 అంటే కాకతీయుల కాలం కాదు

ముందు కొలతలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 చదరపు గజాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, సెంటుకి 48.4 గజాలు. రెండు లెక్కల్లోనూ ఎకరం 4840 గజాలే, కానీ ఎకరాన్ని ముక్కలు చేసే తీరు వేరు. ఎందుకంటే ఇటు భూమిని కొలిపించింది నిజాం సర్కారు, అదీ బొంబాయి పద్ధతిలో. అటు కొలిచింది మద్రాసు సర్కారు. రెండు వేర్వేరు సిస్టమ్స్. మనం ఇవాళ ఫోన్లో చూసుకునే సర్వే నంబర్ల పునాది ఆ కాలంలోనే పడింది.

పాత పహాణీ నకలు తీయించినప్పుడు దాని మీద 1364 అని కనిపించింది. ఓరుగల్లు పడిపోయిన నలభై ఏళ్ళకే మనవాళ్ళు పహాణీలు రాశారా అని ఒక్క క్షణం గర్వపడ్డా. తర్వాత తెలిసింది, అది ఫసలీ సంవత్సరం అని. 590 కలుపుకోవాలి. అంటే 1954-55. ఈ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నిజాం రాజ్యంలో 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ హయాంలో జిల్లాలు ఏర్పడ్డాయి, పన్ను వసూలు గుత్తేదార్ల చేతుల్లోంచి సర్కారు ఉద్యోగుల చేతుల్లోకి వచ్చింది, భూముల సర్వే మొదలైంది. సర్వే చేసి ఏ నంబరులో ఎంత భూమి, పట్టాదారు ఎవరు అని రాసిన మొట్టమొదటి రిజిస్టరుకే సేత్వార్ అని పేరు. మన భాషలో చెప్పాలంటే అది మొదటి కమిట్.

అయితే రాజ్యమంతా ఒకే లెక్కలో లేదు. సర్కారుకి నేరుగా పన్ను కట్టే భూమి దివానీ. నిజాం సొంత ఖర్చులకి వాడుకునే భూమి సర్ఫ్-ఎ-ఖాస్, ఇది దాదాపు పదో వంతు. జాగీర్దార్లకి ఇచ్చిన ఊళ్ళు దాదాపు 30 శాతం. ఇవి కాక గుడికి, మసీదుకి, ఊళ్ళో రకరకాల సేవలకి ఇచ్చిన ఇనాములు. దివానీ ఊళ్ళలో కూడా దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. రాసేది పట్వారీ, రాయించేది దొర. దున్నేవాడికి చదువు రాదు. డేటాబేసులో రైట్ పర్మిషన్ ఒక్కడికే ఉంటే ఏమవుతుందో అదే అయింది.

ఐదేళ్ళలో తలకిందులు

1946 నుంచి 1951 దాకా జరిగిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి మనం స్కూల్లో రెండు పేరాలు చదువుకుని వదిలేశాం. అది వెట్టికి వ్యతిరేకంగా మొదలై భూమి దగ్గరికి వచ్చింది. దాని ఒత్తిడి లేకపోతే తర్వాత వచ్చిన చట్టాలు అంత తొందరగా వచ్చేవి కావని నా అభిప్రాయం. తేదీలు చూడండి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సర్ఫ్-ఎ-ఖాస్ కూడా సర్కారులో కలిసింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ళ తరబడి దున్నుతున్నవాళ్ళని రక్షిత కౌలుదారులుగా గుర్తించి, ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టకుండా ఆపింది. తర్వాత దానికి 38-ఇ అనే సెక్షను చేర్చారు. కొన్ని షరతులకి లోబడి రక్షిత కౌలుదారే ఆ భూమికి యజమాని అవుతాడని దాని సారాంశం. తెలంగాణలో ఎక్కువ భాగానికి అది 1973 జనవరి 1 నుంచి వర్తించింది. మీరు కొనబోయే పొలం పాత పహాణీలో "రక్షిత కౌలుదారు" అని ఇంకో పేరు కనబడితే అక్కడ ఆగాలి. ఆ మనిషి మనవడికి తాత పేరు మీద 38-ఇ సర్టిఫికెట్ ఉండి ఉండొచ్చు.

ఇక 1951 ఏప్రిల్ 18. మేం చూసిన పొలానికి దగ్గర్లోనే ఉన్న పోచంపల్లికి వినోబా భావే నడుచుకుంటూ వచ్చారు. ఊళ్ళోని దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. సర్కారుని అడిగి చూస్తానని ఊరుకోకుండా, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన ఊరివాళ్ళనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా పాకిన భూదానోద్యమం అలా మొదలైంది. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. మనకి మాత్రం పోచంపల్లి అంటే చీర గుర్తొస్తుంది.

భూదానంలో వచ్చిన భూముల కోసం 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టం చేసింది. ఆ భూమి పేదవాడు సాగు చేసుకోవడానికి, అమ్ముకోవడానికి కాదు. కానీ దానం ఇచ్చినట్టు కాగితం రాసినవాళ్ళ వారసులు కొందరు అదే భూమిని మళ్ళీ అమ్మిన కేసులు హైదరాబాదు చుట్టూ కోకొల్లలు. రికార్డులో పట్టాదారు పేరు మారలేదు కాబట్టి కొన్నవాడికి అంతా సవ్యంగానే కనిపించింది.

ఇంతకీ 1954-55 సంగతి. ఈ గందరగోళమంతా అయ్యాక ఊరూరా తిరిగి, పట్టాదారు ఎవరు, నిజంగా దున్నుతున్నది ఎవరు అని రాసిన రిజిస్టరే ఖాస్రా పహాణీ. కోర్టులు ఇప్పటికీ దాన్ని గట్టి ఆధారంగా చూస్తాయి. అందుకే తెలిసిన వకీలు ఎవరైనా "ఖాస్రా నుంచి పహాణీలు తీయించు" అంటాడు. మన దళారి మాత్రం "ఆన్‌లైన్‌లో చూసుకోండి సార్" అంటాడు.

అసలు బగ్ దొరికింది

ఇప్పుడు నా దగ్గరున్న జిరాక్సు కాగితానికి వద్దాం. దాని మీద ఒక ఆడమనిషి పేరు, 20 గుంటలు, "లావుణి" అనే మాట, అడుగున షరతులు. లావుణి అంటే సర్కారు భూమిని సాగు కోసం పేదవాళ్ళకి పట్టా ఇవ్వడం. ఇప్పుడు మనం అసైన్డ్ భూమి అంటున్నది ఇదే.

ఇలా ఇవ్వడం పాత పద్ధతే. కానీ ఇచ్చిన కొన్నేళ్ళకే ఆ భూములు చేతులు మారిపోతున్నాయని గమనించి, "వారసత్వంగా అనుభవించొచ్చు, అమ్మకూడదు" అనే షరతు పెట్టారు. ఆంధ్ర ప్రాంతంలో ఇది 1954 ఉత్తర్వుతో, తెలంగాణలో 1958 ఉత్తర్వుతో వచ్చింది. ఈ రెండు తేదీలూ ముఖ్యం, ఎందుకంటే ఒక పట్టా వాటికి ముందుదా తర్వాతదా అన్నదాని మీదే చాలా కేసులు తేలాయి.

తర్వాత భూసంస్కరణలు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు శాసనసభ ఆమోదించిన భూగరిష్ఠ పరిమితి చట్టం 1973లో వచ్చి, 1975 జనవరి 1 నుంచి అమలైంది. నేల తరగతిని బట్టి ఒక కుటుంబానికి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించింది మిగులు భూమి కింద సర్కారుకి పోతుంది, అక్కణ్ణుంచి భూమి లేనివాళ్ళకి పోతుంది. చట్టం వస్తోందని ముందే తెలిసిన పెద్ద రైతులు ఏం చేశారో మీరు ఊహించగలరు. పాలేరు పేర కొంత, మేనల్లుడి పేర కొంత. కాగితం మీద విడాకులు తీసుకున్న దంపతుల కథలు మా తాతగారు నవ్వుతూ చెప్పేవారు. ఇన్ని ఎత్తులు తప్పించుకుని పేదవాడి దాకా వచ్చిన భూమి కొంచెమే. ఆ కొంచెంలో కూడా రాళ్ళూ గుట్టలూ ఎక్కువ.

ఆ కొంచెమైనా నిలబెట్టడానికి 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. చదవడానికి పది నిమిషాలు పట్టదు, అంత చిన్న చట్టం. నాకు అర్థమైనంతలో సారాంశం ఇది. అసైన్డ్ భూమిని అమ్మినా, తాకట్టు పెట్టినా, దానం చేసినా చెల్లదు. రిజిస్టరు చెయ్యకూడదు. ఎవరైనా కొంటే అధికారులు వాళ్ళని ఖాళీ చేయించి, మొదట పట్టా పొందినవాళ్ళకో వాళ్ళ వారసులకో తిరిగి ఇప్పించాలి. అది కుదరకపోతే సర్కారు తీసుకుంటుంది. కొన్నవాడు కట్టిన డబ్బుకి దిక్కు లేదు, పైగా శిక్ష కూడా ఉంది.

ఒక మినహాయింపు ఉంది. మంచి నమ్మకంతో కొన్న భూమిలేని పేదవాడికి, ఒక గడువు తేదీకి ముందు కొని ఉంటే, కొంత రక్షణ ఇచ్చారు. భూమిలేని పేద అంటే ఎవరు? రెండున్నర ఎకరాల తరి లేదా ఐదెకరాల మెట్ట కంటే ఎక్కువ లేకపోవడం ఒక్కటే చాలదు, వేరే బతుకుతెరువు కూడా ఉండకూడదు. నా ఈఎంఐలు చూస్తే నేను పేదవాణ్ణే గానీ పేస్లిప్ చూస్తే జడ్జిగారు ఒప్పుకోరు :-)

అంటే 35కీ 11కీ మధ్య ఉన్న 24 లక్షల తేడా పెళ్ళి తొందర వల్ల వచ్చింది కాదు. 1977 చట్టం వల్ల వచ్చింది.

ఆంధ్రలో అయితే చుక్కలు

గుంటూరు, ప్రకాశం, నెల్లూరు వైపు మిత్రులు "ఇవన్నీ మీ నిజాం గొడవలు" అని నవ్వుకోకండి. మీ కథ మీకుంది. సర్కారు జిల్లాల్లో 1802లో శాశ్వత శిస్తు పద్ధతితో జమీందార్లు గట్టిపడ్డారు. దత్తమండలాల్లో 1800 నుంచి 1807 దాకా మన్రో పనిచేసి, రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీకి దారి వేశాడు. జమీందారీలు పోవడానికి 1948 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

బ్రిటిషువాళ్ళు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాసేటప్పుడు, పట్టాదారు ఎవరో తేలని చోట ఆ గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. మనం నల్ అని పెట్టినట్టు. ఆ చుక్కని దశాబ్దాల తర్వాత "సర్కారు భూమి" అని చదివారు. మూడు తరాలుగా దున్నుకుంటున్న రైతు కూతురి పెళ్ళికి (నిజంగానే) అమ్ముదామని వెళ్తే నిషేధిత జాబితాలో ఉందన్నారు. వీటికే చుక్కల భూములని పేరు. ఈ చిక్కు విప్పడానికి 2017లో ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. 2023లో 2 లక్షల ఎకరాల పైచిలుకు చుక్కల భూముల్ని జాబితా నుంచి తీశారు. నల్‌ని సున్నాగా చదివితే ఎంత నష్టమో మనకి కోడు రివ్యూలో చెబుతారు. అక్కడ వందేళ్ళు ఎవరూ రివ్యూ చెయ్యలేదు.

మైగ్రేషన్‌లో పోయిన కాలమ్

ఈ పుస్తకాలన్నీ ఎవరి దగ్గర ఉండేవి? ఆంధ్రలో కరణం, తెలంగాణలో పట్వారీ. తండ్రి తర్వాత కొడుకు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ వ్యవస్థని రద్దు చేసింది. మంచి పనే. కానీ కొన్ని ఊళ్ళలో పుస్తకాలు కరణంగారి అటకెక్కాయి, కొన్ని చెదలపాలయ్యాయి. ఎవరి గట్టు ఎక్కడిదో కరణం బుర్రలో ఉండేది. డాక్యుమెంటేషన్ లేకుండా సీనియర్ ఇంజనీరు రాజీనామా చేసిన ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి ఈ బాధ నేను వివరించక్కర్లేదు.

ఊళ్ళలో జనం మాత్రం కొనుక్కుంటూనే ఉన్నారు, తెల్లకాగితం మీద. రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టలేక, నలుగురు పెద్దమనుషుల సంతకాలతో. వీటినే సాదాబైనామా అంటారు. పాసుపుస్తకాల చట్టంలో 5-ఎ అనే సెక్షను కింద వీటిని క్రమబద్ధం చేసుకునే వీలు ఉండేది.

2007లో రిజిస్ట్రేషన్ చట్టానికి 22-ఎ సెక్షను తెచ్చారు. సర్కారు, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూముల జాబితాలు సబ్‌రిజిస్ట్రారుకి పంపిస్తారు, వాటిని రిజిస్టరు చెయ్యరు. నిషేధిత జాబితా అని మనం వినేది ఇదే. మంచి ఉద్దేశమే గానీ, ఒక సర్వే నంబరులో రెండెకరాలు సర్కారువైతే నంబరు మొత్తం జాబితాలో పడేసిన సందర్భాలు ఎన్నో.

తెలంగాణలో 2017లో రికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఒకే రోజు రిజిస్ట్రేషను, మ్యుటేషను అవ్వడం నిజంగా సౌకర్యమే. కానీ పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు అనే కాలమ్ ఉండేది, అంటే భూమి మీద నిజంగా ఉన్నది ఎవరు అని. కొత్త స్కీమాలో అది ఎగిరిపోయింది. తప్పు పడితే కింది స్థాయిలో అప్పీలుకి దారి లేదు, సివిల్ కోర్టుకి వెళ్ళాలి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చాక అప్పీలుకి మళ్ళీ దారి పెట్టారు. ఆంధ్రలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది, టైటిల్ చట్టం 2023 అక్టోబరు చివర్లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయింది.

నా అభిప్రాయం ఒక్కటే. పాత రిజిస్టరులో ఉన్న తప్పుని సర్వర్లోకి ఎక్కిస్తే అది నిజమైపోదు, వేగంగా దొరికే తప్పవుతుంది. మన దేశంలో రిజిస్టరయ్యేది కాగితమే, హక్కు కాదు. ఆ హక్కుకి సర్కారు గ్యారంటీ ఇవ్వదు. వెనక్కి చదువుకోవాల్సిన బాధ్యత కొనేవాడిదే.

రెండోసారి వెళ్ళాం

ఇవన్నీ చదివాక కూడా, నిజం చెప్పొద్దూ, ఆశ చావలేదు. "అందరూ కొంటున్నారు కదా, ఎప్పుడో ఒకప్పుడు రెగ్యులరైజ్ చేస్తారు" అన్నాడు మా టీములో ఒకడు. ఆంధ్రలో 2023లో చట్టం సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే అసలు పట్టాదారు అమ్ముకోవచ్చన్నారని కూడా గుర్తు చేశాడు. ఇక్కడా రాకపోతుందా అని లెక్కలేసుకున్నా. 11 పెట్టి 35 చేసుకోవడం. ఏ మ్యూచువల్ ఫండు ఇస్తుంది?

ఒక ఆదివారం మధ్యవర్తికి చెప్పకుండా నాన్నని తీసుకుని వెళ్ళా. పొలంలో అరవై దాటిన ఆవిడ టమాటా మళ్ళలో కలుపు తీస్తోంది. నాన్న గట్టు మీద కూర్చుని మాట కలిపారు.

"ఈ జాగ ఎవరిదమ్మా?"

"మాదే సార్. మా అత్త పేరు మీద ఇచ్చిండ్రు, ఇందిరమ్మ ఉన్నప్పుడు. గీ ఇల్లు మా ఆయన కట్టిండు."

"మరి అమ్ముతున్నది వేరే ఆయన కదా?"

ఆవిడ కొడవలి పక్కన పెట్టింది. "మా ఆయనకు పానం బాగలేకపోతే దవాఖాన్ల పైసలు గావాలె గదా. ఆ సారు పదివేలిచ్చి కాయితం రాయించుకున్నడు. కుదువ అనుకున్నం. ఆయన పోయినంక, ఇది నాదే అన్నడు. ఇప్పుడు నేను గీడనే కూలికొస్తున్న." కాసేపాగి అడిగింది, "మీరు గిట్ల కొంటున్నరా సార్?"

నాన్న ఏం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు టోల్‌గేటు దాటాక అన్నారు, "నీకు 24 లక్షలు తగ్గించింది ఆ పెళ్ళికూతురి తండ్రి కాదురా. ఆ ముసలమ్మ."

1977 చట్టం మీద న్యాయమైన విమర్శ ఒకటుంది, అది కూడా చెప్పాలి. అమ్మే హక్కు లేదు కాబట్టే ఆవిడ భర్తకి అవసరానికి సరైన ధర రాలేదు, బ్యాంకు దగ్గర మాట చెల్లలేదు, పదివేలకి వడ్డీవ్యాపారి దగ్గర ఇరుక్కున్నాడు. పేదవాణ్ణి కాపాడుతున్నామంటూ వాడి ఆస్తికి విలువ లేకుండా చేశారు అంటారు. ఇందులో నిజం ఉంది. సర్కారు కూడా చాలాకాలం, తనకి అవసరమై అసైన్డ్ భూమి తిరిగి తీసుకున్నప్పుడు పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. కాబట్టి అసైనీకి పూర్తి హక్కు ఇవ్వాలనే వాదనకి నేను వ్యతిరేకం కాదు. కానీ ఆ హక్కు వస్తే ఆవిడకి రావాలి, అప్పుడు ఆవిడ దగ్గర 35 పెట్టి కొనాలి. రాకముందే 11కి వేరేవాడి దగ్గర కొని, వచ్చాక ఆ తేడా మనం జేబులో వేసుకోవడాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

మేం కొనలేదు. నాన్న మర్నాడే కూర్చుని, ఆ భూమిని వారసులకి తిరిగి ఇప్పించమని ఆవిడ పేరుతో తహసీల్దారుకి అర్జీ రాశారు. తర్వాత వారం వెళ్ళి ఆవిడ వేలిముద్ర వేయించి, రసీదు తెచ్చారు. ఇది రాసేనాటికి ఆ అర్జీ ఇంకా నడుస్తూనే ఉంది. నాన్న మాత్రం నెలకోసారి బస్సెక్కి వెళ్ళి కనుక్కుని వస్తున్నారు. రిటైరయ్యాక ఏం చేస్తారో అని భయపడ్డాం, పని దొరికింది.

వెతుకుతున్నవాళ్ళకి నాలుగు మాటలు

ధర పక్క పొలం కంటే బాగా తక్కువుంటే, తేడా ఎవరు భరిస్తున్నారో ముందు కనుక్కోండి. ఖాస్రా నుంచి ఇప్పటిదాకా పహాణీలు, ఆంధ్రలో అయితే పాత రిజిస్టరు, అడంగల్, 1-బి తీయించండి. వాటిలో లావుణి, భూదాన్, సీలింగ్, ఇనాం, శిఖం (అంటే చెరువు భూమి) అనే మాటల్లో ఏది కనబడినా వకీలుని కలవకుండా అడ్వాన్సు ఇవ్వకండి. 22-ఎ జాబితా చూడండి. ఫామ్ ప్లాట్ అని శ్రీగంధం మొక్కలు నాటి గుంటల లెక్కన అమ్మేవి చట్టం దృష్టిలో పొలాలే. ఇల్లు కట్టాలంటే భూమి వాడకం మార్చుకోవాలి, అనుమతి తెచ్చుకోవాలి. అమెరికాలో ఉన్న మిత్రులూ, ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదని ఫెమా నిబంధనలు చెబుతున్నాయి. వారసత్వంగా వస్తే వేరు. బావమరిది పేర కొనే ముందు, సీలింగ్ రోజుల్లో పాలేరు పేర రాసినవాళ్ళ కథలు గుర్తు తెచ్చుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, మధ్యవర్తి లేకుండా ఒకసారి వెళ్ళి, పొలంలో పని చేస్తున్న మనిషితో మాట్లాడండి. సర్వర్లోంచి ఎగిరిపోయిన ఆ కాలమ్ అక్కడ గట్టు మీద కనిపిస్తుంది.

మేం ఇప్పుడు వేరే దారిలో వెతుకుతున్నాం. అమ్మ పుట్టింటి వైపు ఊళ్ళో ఒక పాత పెంకుటిల్లు, వెనక పెరడు, మొత్తం 350 గజాలు, గ్రామకంఠంలో ఉంది. అరెకరంలో ఏడో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. గ్రామకంఠం ఇళ్ళకి పాసుపుస్తకాలుండవు, పంచాయతీ ఇంటి పన్ను రసీదులే ఉంటాయి. ఇలాంటి ఇళ్ళకి డ్రోన్లతో కొలిచి కార్డులిచ్చే స్వామిత్వ పథకం కేంద్రం 2020లో మొదలుపెట్టింది గానీ, ఆ ఊరి దాకా రాలేదు. కాబట్టి దాని చరిత్ర కూడా తవ్వాలి. ఈసారి సులువు. అమ్మేది ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన పెద్దాయన, ఇరుగూ పొరుగూ అందరూ మా అమ్మకి వరసైనవాళ్ళే.

పెరట్లో ఒక మామిడి చెట్టుంది. గేదె సంగతి ఇంకా చర్చల్లో ఉంది.